పిల్లల్లో "కొంచెం ఎక్కువ" బీపీ: పెద్దయ్యాక ఏమవుతుంది?

వేసవివాన (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 14 ఏళ్లు. బడిలో ఆటల జట్టులో చేరాలంటే వైద్యుడి సంతకంతో ఆరోగ్య పత్రం తెమ్మన్నారు. తీసుకెళ్తే ఎత్తు, బరువు, చూపు అన్నీ బాగున్నాయన్నారు గానీ బీపీ దగ్గర ఆగారు. 126/74 వచ్చింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 124/72. "కొంచెం ఎక్కువ. కంగారు పడాల్సిన పని లేదు, ఆరు నెలలకు మళ్లీ తీసుకురండి" అని పంపించారు.

ఇంటికి వచ్చాక అసలు కంగారు మొదలైంది. మా వారికీ, మా మామగారికీ బీపీ ఉంది. పెద్దవాళ్లకు 126 అంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, పిల్లవాడికి మాత్రం అది ఎక్కువెలా అయింది? ఇప్పుడు ఏమీ చేయకపోతే నలభై, యాభై ఏళ్లు వచ్చేసరికి ఏమవుతుంది? "ఏమీ కాదులే" అనేవారూ, "వెంటనే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి" అనేవారూ మా ఇంట్లోనే ఉన్నారు. తెలిసినవారు ఎవరైనా వివరంగా చెబుతారా?

చిరుగాలి (సోమవారం, రాత్రి 10:05)

ఏమీ కాదండీ. తెల్లకోటు కనబడితే నాకే 140 దాటుతుంది. ఎదిగే వయసు, వదిలేయండి.

పిల్లల_వైద్యుడు (సోమవారం, రాత్రి 11:20)

చిరుగాలి గారూ, మీరన్నదాంట్లో సగం నిజం. మిగతా సగం దగ్గరే చిక్కు.

ముందు అంకెల సంగతి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 13 ఏళ్లు నిండిన పిల్లలకు పెద్దవాళ్ల కొలతే. 120/80 లోపు మామూలు. పై అంకె 120 నుంచి 129 మధ్య ఉండి కింది అంకె 80 లోపు ఉంటే "పెరిగిన బీపీ". 130/80 నుంచి 139/89 వరకు మొదటి దశ రక్తపోటు. 140/90 నుంచి రెండో దశ. వేసవివాన గారి అబ్బాయిది పెరిగిన బీపీ వరసలోకి వస్తుంది. రక్తపోటు జబ్బు అనే మాట ఇక్కడ వర్తించదు. ఐరోపా వాళ్లు 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్ల అంకెలు 16 ఏళ్ల నుంచి మొదలవుతాయి. అంతకంటే చిన్నవాళ్లను పర్సంటైల్‌తో, అంటే తోటి పిల్లల వరసలో ఎన్నో స్థానమో చూస్తారు. కాబట్టి ఒకే పిల్లవాడికి ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు పెట్టినా ఆశ్చర్యపోకండి.

13 లోపు పిల్లలకు ఒక్క అంకె చెప్పడం కుదరదు. వయసు, ఆడా మగా, ఎత్తు మూడూ చూడాలి. అదే వయసు, అదే ఎత్తు ఉన్న వందమంది పిల్లలను బీపీ ప్రకారం వరసలో నిలబెడితే 90వ స్థానం దాటినవాళ్లది పెరిగిన బీపీ, 95వ స్థానం నుంచి రక్తపోటు. పొడుగు పిల్లలకు కాస్త ఎక్కువే ఉంటుంది, అది తప్పు కాదు. ఆరేళ్ల పాపకు 118 వస్తే నేను సీరియస్‌గా తీసుకుంటాను. 15 ఏళ్ల కుర్రాడికి అదే 118 వస్తే మాట్లాడకుండా పంపిస్తాను.

ఇక కొలిచే తీరు. మా దగ్గరికి "బీపీ ఎక్కువ" అని పంపిన పిల్లల్లో చాలామందికి తీరికగా మళ్లీ చూస్తే మామూలుగా ఉంటుంది. ఆసుపత్రిలో మాత్రమే పెరిగే బీపీ పిల్లల్లో చాలా ఎక్కువ. క్లినిక్కులో ఎక్కువ వచ్చిందని పరీక్షకు పంపినవాళ్లలో సగం మంది దాకా అదే అని అంచనా. అందుకే ఒక్క రోజు కొలతతో ఎవరికీ రక్తపోటు అని పేరు పెట్టం. మూడు వేర్వేరు సందర్శనల్లో ఎక్కువ రావాలి.

వేసవివాన గారూ, వాళ్లు వాడిన కఫ్ (చేతికి చుట్టే పట్టీ) ఎలాంటిదో గుర్తుందా?

వేసవివాన (మంగళవారం, ఉదయం 6:50)

గుర్తు లేదు డాక్టర్ గారూ. చేతికి చుట్టింది చాలీచాలనట్టు ఉంది. ఒకసారి ఊడిపోతే మళ్లీ బిగించారు. పిల్లవాడు మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. అది తేడా చేస్తుందా?

పిల్లల_వైద్యుడు (మంగళవారం, ఉదయం 7:30)

చేస్తుంది, బాగానే చేస్తుంది. కఫ్ లోపల గాలి నిండే సంచి ఉంటుంది చూడండి, దాని వెడల్పు భుజానికీ మోచేతికీ మధ్యలో కొలిచిన చేతి చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి. పొడవు 80 నుంచి 100 శాతం చుట్టి రావాలి. చిన్న కఫ్ వేస్తే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కఫ్ మీద "పిల్లలకు", "పెద్దలకు" అని రాసి ఉన్నా అది నమ్మకండి. 14 ఏళ్లకే పెద్దల కఫ్ పట్టే పిల్లలు ఎంతోమంది.

వీపుకు ఆసరా ఉన్న కుర్చీలో మూడు నుంచి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. కుడి చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి. మిషనుతో ఎక్కువ వస్తే స్టెతస్కోపుతో విని సరిచూడాలి. వేలాడే కాళ్లు, ఇరుకు కఫ్ రెండూ కలిస్తే మీరు రాసిన 126ను నేను ఖాయమైన అంకెగా తీసుకోను. అలాగని కొట్టిపారేయను కూడా.

లెక్కలమనిషి (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

"పెద్దయ్యాక ఏమవుతుంది" అన్న ప్రశ్నకు ఎవరూ రాలేదు కాబట్టి నేను వస్తాను. నేను డాక్టరును కాను, గణాంకాలతో బతికేవాణ్ణి.

మొదటి ప్రశ్న: చిన్నప్పుడు ఎక్కువ ఉన్న బీపీ పెద్దయ్యాకా ఎక్కువే ఉంటుందా? 2008లో చెన్, వాంగ్ అనే పరిశోధకులు 50 అధ్యయనాలను కలిపి చూశారు. చిన్నప్పటి పై అంకెకూ పెద్దయ్యాక ఉన్న పై అంకెకూ మధ్య సంబంధం సగటున 0.38. కింది అంకెకు 0.28. ఇది 1 అయితే చిన్నప్పటి వరస జీవితాంతం మారదని అర్థం, 0 అయితే అసలు సంబంధమే లేదని. 0.38 అంటే సంబంధం కచ్చితంగా ఉంది, కానీ జాతకం మాత్రం కాదు.

రెండో ప్రశ్న: గుండెజబ్బు దాకా వెళ్తుందా? దీనికి నిన్నమొన్నటి దాకా సూటి జవాబు లేదు. పిల్లల బీపీ కొలిచి, వాళ్లకు యాభై ఏళ్లు వచ్చేదాకా ఆగాలి కదా. ఇప్పుడు రెండు పెద్ద అధ్యయనాలు ఉన్నాయి. రెండింట్లోనూ పిల్లల సంఖ్య 38 వేల చిల్లరే, కలిపేసుకోకండి.

మొదటిది 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అమెరికా, ఫిన్లాండ్, ఆస్ట్రేలియాల్లో 1970ల నుంచి నడుస్తున్న ఏడు అధ్యయనాలను కలిపారు. 3 నుంచి 19 ఏళ్ల మధ్య పరీక్షించిన 38,589 మందిని సగటున 35 ఏళ్లు గమనించారు. చిన్నప్పటి పై అంకె సగటు కంటే ఒక ప్రామాణిక విచలనం (పిల్లల మధ్య మామూలుగా కనిపించే తేడాకు కొలత) ఎక్కువైన కొద్దీ పెద్దయ్యాక గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయే ప్రమాదం సుమారు 34 శాతం పెరిగింది. బరువు, కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు, పొగతాగడం కూడా కలిస్తే ప్రమాదం ఇంకా చాలా ఎక్కువ. బీపీ ఒంటరిగా రాదు, దాని వెంట ఎవరెవరు వస్తున్నారో చూడాలి.

రెండోది 2025లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. అమెరికాలో 1959 నుంచి 1965 మధ్య పుట్టిన పిల్లలకు ఏడేళ్ల వయసులో కొలిచిన బీపీని, 2016 వరకు నమోదైన మరణాలతో పోల్చారు. ఏడేళ్లప్పుడు బీపీ 90 పర్సంటైల్ దాటినవాళ్లలో గుండె సంబంధ మరణాలు 40 నుంచి 50 శాతం ఎక్కువ. మన ప్రశ్నకు దీనికంటే దగ్గరి అధ్యయనం నేను చూడలేదు.

ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. ఈ రెండో అధ్యయనంలోని 38 వేల మందిలో గుండె సంబంధ మరణాలు మొత్తం 504. అంటే సగటున యాభై నాలుగేళ్లు వచ్చేసరికి వెయ్యికి సుమారు 13. యాభై శాతం ఎక్కువ అంటే, నా ఉజ్జాయింపు లెక్కలో, వెయ్యికి 19 లేదా 20. "యాభై శాతం ప్రమాదం" అని శీర్షిక చదివి ఇద్దరు పిల్లల్లో ఒకరికి గుండెపోటు అనుకునేవాళ్లున్నారు. అలా కాదు. వెయ్యిమందిలో అదనంగా ఆరేడుగురు. అయితే యాభై నాలుగేళ్లు చనిపోయే వయసు కాదు. గుండెజబ్బుల అసలు కాలం ఆ తర్వాతే మొదలవుతుంది. కాబట్టి ఆ అంకెలు చిన్నవని సంతోషించే పనీ లేదు.

చిరుగాలి (మంగళవారం, మధ్యాహ్నం 2:00)

వెయ్యికి ఆరేడుగురు. నేను చెప్పిందే కదా!

రాత్రిడ్యూటీ (మంగళవారం, సాయంత్రం 5:45)

చిరుగాలి గారికి ఒక్క మాట. నేను డయాలిసిస్ విభాగంలో నర్సును. మా దగ్గరికి వచ్చే చిన్న వయసువారిలో కొందరి పాత కాగితాలు తిరగేస్తే ఎప్పుడో బడి వయసులో బీపీ కాస్త ఎక్కువ అని ఎవరో రాసి ఉంటారు. దాని పక్కన మూత్ర పరీక్ష చేసిన జాడ ఉండదు. ఆ బీపీ వల్ల కిడ్నీ పోయిందని నేను అనడం లేదు. కిడ్నీలో ముందే ఉన్న లోపం బీపీ రూపంలో బయటపడింది, ఎవరూ చూడలేదు.

లెక్కలమనిషి గారి వెయ్యిమందిలో ఇలాంటివాళ్లూ కలిసి ఉంటారు. ప్రమాదం అందరికీ సమానంగా పంచినట్టు ఉండదు.

వేసవివాన గారూ, బాబు నెలలు నిండక ముందే పుట్టాడా? చిన్నప్పుడు తరచుగా మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చేదా? రాత్రి గట్టిగా గురక పెడతాడా? ముక్కుదిబ్బడకు మందులు గానీ, స్టెరాయిడ్లు గానీ, శక్తి పానీయాల డబ్బాలు గానీ ఏమైనా వాడుతున్నాడా?

వేసవివాన (మంగళవారం, రాత్రి 8:10)

నెలలు నిండే పుట్టాడు. ఇన్ఫెక్షన్లు లేవు. గురక లేదు. శక్తి పానీయాల సంగతి అడిగితే తల వంచుకున్నాడు. ఆట ముందు జట్టులో అందరూ తాగుతారట. నాకు ఇప్పుడే తెలిసింది.

పిల్లల_వైద్యుడు (మంగళవారం, రాత్రి 10:30)

ఇదొక్కటే బీపీకి కారణమని అనను. కానీ కొలిచే రోజున కెఫీన్ డబ్బా తాగి వచ్చిన పిల్లవాడి బీపీని లెక్కలోకి తీసుకోవడం కష్టం. అది మానేశాక మళ్లీ చూపించండి.

రాత్రిడ్యూటీ గారు అడిగిన ప్రశ్నలు నేను అడగాల్సినవే. పిల్లవాడు ఎంత చిన్నవాడైతే, బీపీ ఎంత ఎక్కువైతే, దాని వెనక కిడ్నీ, రక్తనాళం, హార్మోన్ సమస్య ఉండే అవకాశం అంత ఎక్కువ. ఆరేళ్లు దాటి, ఇంట్లో బీపీ చరిత్ర ఉండి, బరువు ఎక్కువగా ఉండి, పరీక్షలో వేరే ఏమీ తేడా లేకపోతే అరుదైన కారణాల కోసం తవ్వాల్సిన పని లేదు. రక్తపోటు అని ఖాయమైతే మాత్రం మూత్ర పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), లవణాలు, కొలెస్టరాల్ చూస్తాం. ఆరేళ్ల లోపువారికి, మూత్రంలో తేడా ఉన్నవారికి కిడ్నీల అల్ట్రాసౌండ్ కూడా.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది, చాలామంది మరిచిపోతారు. కాలి బీపీ. మామూలుగా చేతి బీపీ కంటే కాలిది కాస్త ఎక్కువ ఉంటుంది. చేతిలో ఎక్కువ, కాలిలో తక్కువ ఉండి, తొడ దగ్గర నాడి బలహీనంగా తగిలితే గుండె నుంచి బయలుదేరే మహాధమని మధ్యలో ఇరుకైందేమో అని అనుమానించాలి. పుట్టుకతో వచ్చే ఈ లోపాన్ని సరిచేయవచ్చు. "కొంచెం ఎక్కువ" అని ఏళ్ల తరబడి రాస్తూ పోయిన పిల్లవాడి తొడ మీద ఎవరో ఒకరు రెండు వేళ్లు పెట్టి చూస్తే చాలు, కథ మారిపోతుంది.

పాతకాగితం (బుధవారం, ఉదయం 8:20)

నేను ఆ "కొంచెం ఎక్కువ" పిల్లవాణ్ణి. 17 ఏళ్లప్పుడు కాలేజీ వైద్య పరీక్షలో 134/82 అని రాశారు. ఆ కాగితం మా అమ్మ దాచింది. చదువు ఒత్తిడి అన్నారు, అందరం నమ్మాం. తర్వాత చాలా ఏళ్లు నేను బీపీ చూపించుకోలేదు. నొప్పి లేదు, తలతిరుగుడు లేదు, ఎందుకు చూపిస్తాను?

39లో వేరే పని మీద ఎకో (గుండె స్కాన్) తీశారు. తీసే అమ్మాయి తెర మీద ఎడమ జఠరిక (గుండె కింది ఎడమ గది) గోడను గీతతో కొలిచి, చెరిపి, మళ్లీ కొలిచింది. "బీపీ ఎన్నాళ్లుగా ఉంది మీకు?" అంది. లేదన్నాను. ఆ రోజు 152/96. ఇప్పుడు మందు వేసుకుంటున్నాను, ఏడాదిన్నర తర్వాత తీసిన ఎకోలో గోడ మందం తగ్గింది.

17 ఏళ్లప్పుడే మందు ఇవ్వాల్సిందని నేను అనడం లేదు. ఏడాదికోసారి కొలిచి ఉంటే ఎప్పుడు దాటిందో తెలిసేది.

మధ్యేమార్గం (బుధవారం, ఉదయం 11:00)

పాతకాగితం గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఎదురు వాదన పెడతాను. ఇలాంటి కథ చెప్పేవాళ్లు కనిపిస్తారు. 17లో 134 ఉండి 39లో 118 ఉన్నవాళ్లు ఇక్కడికి వచ్చి రాయరు. వాళ్లకు రాయడానికి ఏమీ లేదు.

అమెరికాలో జబ్బుల నివారణ మీద సిఫార్సులు ఇచ్చే నివారణ సేవల కార్యదళం 2020లో ఇదే ప్రశ్నను పరిశీలించింది. ఏ లక్షణాలూ లేని 3 నుంచి 18 ఏళ్ల పిల్లలందరికీ బీపీ చూడటం వల్ల మేలు ఎక్కువో కీడు ఎక్కువో తేల్చడానికి ఆధారాలు చాలవంది. పిల్లల వైద్యుల సంఘమేమో మూడేళ్ల నుంచి ఏటా చూడమంటుంది. ఒకే దేశంలో రెండు మాటలు!

కీడు అంటే ఏమిటని అడుగుతారేమో. ఆడుకునే పిల్లవాణ్ణి "బీపీ పేషెంటు" అని పిలవడం కీడే. అమ్మ రోజుకు నాలుగుసార్లు కఫ్ చుట్టడం కీడే. అనవసరపు స్కాన్లు, ఆట మాన్పించడం కూడా.

లెక్కలమనిషి (బుధవారం, మధ్యాహ్నం 12:40)

మధ్యేమార్గం గారి మొదటి పాయింటు ఒప్పుకుంటాను. అందుకే కథలు పక్కన పెట్టి, మొదట అందరినీ కొలిచి తర్వాత వెతికిన అధ్యయనాలు చూడాలి.

స్వీడన్‌లో సైనిక సేవకు పిలిచిన పదమూడు లక్షలకు పైగా యువకుల బీపీని సుమారు 18 ఏళ్ల వయసులో కొలిచారు. సుమారు 36 ఏళ్ల తర్వాత వాళ్ల సంగతి 2023లో ప్రచురించారు. 120/80 లోపు ఉన్నవారితో పోలిస్తే 120 నుంచి 129 మధ్య ఉన్నవారికి గుండెజబ్బు, పక్షవాతం వంటి పెద్ద ఘటనల ప్రమాదం 10 శాతం ఎక్కువ. అంతే. 140/90 రెండూ దాటినవారికి 71 శాతం ఎక్కువ. మెట్టు మెట్టుకూ పెరుగుతూ పోయింది. అందరూ మగవాళ్లే కాబట్టి అమ్మాయిలకు ఇవే అంకెలు అతికించలేం.

వేసవివాన గారి అబ్బాయి నిజంగానే 126 దగ్గర ఉన్నాడనుకున్నా, అతను మొదటి మెట్టు మీదే ఉన్నాడు. పాతకాగితం గారి 134/82 ఆ పై మెట్టు.

ఒక విషయం మాత్రం మధ్యేమార్గం గారి వాదనకు ఎదురు నిలుస్తుంది. 2007లో అమెరికాలో 14 వేల మంది పిల్లల రికార్డులు తీశారు. అంకెల ప్రకారం రక్తపోటు ఉన్నవాళ్లు 507 మంది. అందులో వైద్యులు ఆ మాట రాసింది సుమారు నాలుగో వంతు మందికే. అంకె ఎదురుగానే ఉంది, ఎవరూ చూడలేదు.

మధ్యేమార్గం (బుధవారం, మధ్యాహ్నం 1:30)

దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ తగ్గిస్తే మేలు జరుగుతుందని చూపించారా? ప్రమాదం ఉందని చెప్పడం వేరు, మనం కల్పించుకుంటే తగ్గుతుందని చెప్పడం వేరు.

పిల్లల_వైద్యుడు (బుధవారం, రాత్రి 11:10)

అసలు ప్రశ్న ఇదే. పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు బీపీ తగ్గించి, నలభై ఏళ్ల తర్వాత గుండెపోట్లు లెక్కపెట్టినవారు ఎవరూ లేరు. అందుకని మధ్యలో కనిపించే ఆనవాళ్లను చూస్తాం: గుండె గోడ మందం, మెడలోని కెరోటిడ్ ధమని గోడ మందం, రక్తనాళాల బిరుసు.

లూసియానా రాష్ట్రంలోని బొగలూసా అనే ఊళ్లో 1973లో మొదలైన అధ్యయనం ఉంది. అందులో పాల్గొని ప్రమాదాల్లోనో మరో కారణంతోనో చిన్న వయసులో చనిపోయినవారి రక్తనాళాలను పరీక్షించి 1998లో ప్రకటించారు. బరువు, బీపీ, కొవ్వు ఎక్కువ ఉన్నవారి మహాధమనిలో, గుండె ధమనుల్లో కొవ్వు చారలు అప్పటికే ఎక్కువగా ఉన్నాయి. ఇంకో అధ్యయనంలో, ఈ మధ్యదే, కౌమార వయసువారికి ఎకో తీస్తే 95 పర్సంటైల్ దాటకముందే, 90 దగ్గరే గుండె బరువు పెరగడం కనిపించింది. అంటే మనం గీసుకున్న గీతను శరీరం గౌరవించదు.

ఇప్పుడు మంచి వార్త. 2013లో నాలుగు అధ్యయనాల్లోని 4,210 మందిని కలిపి చూశారు. చిన్నప్పుడూ పెద్దయ్యాకా బీపీ ఎక్కువ ఉన్నవారిలో కెరోటిడ్ గోడ మందంగా ఉండే ప్రమాదం సుమారు 80 శాతం ఎక్కువ. చిన్నప్పుడు ఎక్కువ ఉండి పెద్దయ్యేసరికి మామూలైనవారిలో ఆ ప్రమాదం చాలా వరకు తగ్గిపోయింది, ఎన్నడూ బీపీ లేనివారికి దగ్గరగా వచ్చింది. ఎలా మామూలైందో ఆ అధ్యయనం చెప్పలేదు. కొందరికి దానంతటదే తగ్గి ఉంటుంది, కొందరు బరువు తగ్గి ఉంటారు. కానీ చిన్నప్పటి అంకె చెరగని మచ్చ కాదని తెలిసింది. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది ఇదే.

కిడ్నీ జబ్బున్న పిల్లల విషయంలో మాత్రం సూటి రుజువుంది. ఐరోపాలో 385 మంది పిల్లల మీద చేసిన ప్రయోగం 2009లో వచ్చింది. బీపీని మామూలు కంటే గట్టిగా తగ్గించినవారిలో కిడ్నీ చెడిపోవడం నెమ్మదించింది. రాత్రిడ్యూటీ గారి బాధ ఉత్త బాధ కాదు.

నిర్వాహకుడు (గురువారం, ఉదయం 7:00)

మందుల మోతాదులు అడుగుతూ, చెబుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. పిల్లల మందుల సంగతి చూసిన వైద్యుడితోనే మాట్లాడండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ, స్పృహ తప్పడం వంటివి ఉంటే ఇక్కడ రాస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండు_జడలు (గురువారం, ఉదయం 10:15)

మా పాపకు పదేళ్లు. ఇంట్లో మిషను కొన్నాం. రోజూ చూస్తే 108, 121, 113, ఇలా ఎగుడుదిగుడుగా వస్తోంది. ఏది నిజం?

పిల్లల_వైద్యుడు (గురువారం, రాత్రి 9:50)

అన్నీ నిజమే. బీపీ నిలకడగా ఉండే అంకె కాదు. నవ్వినా, పరుగెత్తి వచ్చినా, మూత్రం ఆపుకున్నా మారుతుంది. ఒక్క అంకెను పట్టుకుని వేలాడకండి. ఇంటి మిషన్లలో పిల్లల మీద పరీక్షించి సరిపోతుందని తేల్చినవి తక్కువ. పాప చేతికి సరిపోయే కఫ్ లేకపోతే ఆ అంకెలకు విలువే లేదు. ఒకసారి మిషనును క్లినిక్కుకు తీసుకెళ్లి అక్కడి కొలతతో పోల్చుకోండి. రోజూ చూడటం ఆపండి, దానివల్ల పాపకు మీ ముఖం చూస్తేనే బీపీ పెరుగుతుంది.

నిజం తేల్చేది 24 గంటల కొలత. చేతికి కఫ్, నడుముకు చిన్న పెట్టె. పగలు 15 నుంచి 20 నిమిషాలకోసారి, రాత్రి కాస్త తక్కువగా తనంతట అదే కొలుచుకుంటుంది. ఆసుపత్రి భయం ఉంటే తేలిపోతుంది. నిద్రలో బీపీ తగ్గుతోందా లేదా అన్నదీ తెలుస్తుంది. మామూలుగా పదో వంతైనా తగ్గాలి. పెరిగిన బీపీ ఏడాదిపాటు అలాగే ఉన్నా, మొదటి దశ అంకెలు మూడు సందర్శనల్లో వచ్చినా దీన్ని అడగవచ్చు.

రాత్రిడ్యూటీ (శుక్రవారం, ఉదయం 6:30)

ఇంట్లో ఏం చేయాలో కూడా ఎవరైనా రాయాలి. నాకు తెలిసినంత రాస్తాను. ప్యాకెట్లలో వచ్చే తిండి తగ్గించడం ఇంటి వంటలో చిటికెడు ఉప్పు తగ్గించడం కంటే ఎక్కువ పనిచేస్తుంది. దాగి ఉండే ఉప్పు అక్కడే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లనే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పుతో సరిపెట్టుకోమంది, పిల్లలకు ఇంకా తక్కువ. పళ్లు, కూరగాయలు పెంచండి. బరువు ఎక్కువ ఉన్న పిల్లవాణ్ణి పస్తులుంచి తగ్గించాల్సిన పని లేదు. ఎదిగే వయసులో బరువు పెరగకుండా నిలబెడితే ఎత్తు పెరుగుతూ తానే సరిపోతుంది. ఇంటిల్లిపాదీ మారాలి. ఒక్క పిల్లవాడి పళ్లెం వేరు చేస్తే వాడు బయట తింటాడు.

ఇంట్లో ఎవరైనా పొగతాగుతుంటే మానేయండి. దీని మీద ఇంతకంటే రాయను, మా ఇంట్లోనే గొడవ అవుతుంది.

వేసవివాన (శుక్రవారం, మధ్యాహ్నం 3:20)

ఇంకో సందేహం. వీడు ఆడవచ్చా? మా అత్తగారు ఆట మాన్పించమంటున్నారు. సంతకం కోసమే కదా ఇదంతా మొదలైంది.

పిల్లల_వైద్యుడు (శుక్రవారం, రాత్రి 10:00)

ఆడవచ్చు. ఆడాలి. పెరిగిన బీపీకి మేమిచ్చే మొదటి సలహానే వారానికి మూడు నుంచి ఐదు రోజులు, రోజుకు 30 నుంచి 60 నిమిషాలు చెమట పట్టేలా ఆడమని. రెండో దశ రక్తపోటు ఉన్నవారిని మాత్రం అదుపులోకి వచ్చేదాకా బరువులెత్తడం వంటి గట్టిగా బిగపట్టే ఆటలకు దూరంగా ఉంచుతాం. మీ అబ్బాయి ఆ వరసలో లేడు. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, ఆట మాన్పిస్తే బరువు పెరుగుతాడు, అప్పుడు బీపీకి నిజమైన కారణం దొరుకుతుంది.

మందు సంగతి కూడా అడగబోతారు కాబట్టి రాసేస్తున్నాను. 120ల్లో ఉన్న బీపీకి, కిడ్నీ జబ్బు, మధుమేహం, గుండె గోడ మందం లాంటివేవీ లేనప్పుడు మందు ఇవ్వం. మొదటి దశలో కూడా ఆరు నెలలు తిండి, ఆట, నిద్ర సరిచేసి చూశాకే ఆలోచిస్తాం. ఆరు నెలల తర్వాత కొలిచినప్పుడు మళ్లీ 120 దాటితే రెండు చేతులూ ఒక కాలూ కొలవమని అడగండి. అది ఎవరూ కాదనరు.

పాతకాగితం (శనివారం, ఉదయం 9:05)

కొలిచిన ప్రతిసారీ తేదీ, ఏ చెయ్యి, ఏ కఫ్, ఎత్తు, బరువు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. బడి మారినా, డాక్టరు మారినా ఆ పుస్తకం వాడితోపాటు వెళ్లాలి. పద్దెనిమిది దాటి ఇల్లు వదిలిన రోజున వాడి చేతికే ఇవ్వండి. పిల్లల డాక్టరు దగ్గరికి ఇక వెళ్లరు, పెద్దల డాక్టరు దగ్గరికి జబ్బు చేసేదాకా పోరు. నా విషయంలో జారిపోయింది ఆ రెండింటి మధ్య కాలమే.

మధ్యేమార్గం (శనివారం, ఉదయం 9:40)

దీనికి మాత్రం నాకు అభ్యంతరం లేదు. ఏడాదికోసారి, సరైన కఫ్‌తో. రోజుకు నాలుగుసార్లు కాదు.